తప్పుల టీచరు

బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసేవాళ్లలో ఆడమనిషి ఆ డిపో మొత్తానికీ ఒక్కతే. కండక్టర్లు ఆమెకు డేగ అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆమె చెవిన పడలేదని వాళ్ల నమ్మకం. పేరు పెట్టిన రోజు సాయంత్రానికే ఆమెకు తెలిసింది, ఎవరు పెట్టారో కూడా తెలిసింది. పేరు నచ్చింది కాబట్టి ఊరుకుంది.

డేగ బస్సెక్కితే ముందు టికెట్లు చూడదు, మొహాలు చూస్తుంది. అప్పటిదాకా కబుర్లాడుతున్న మనిషికి ఉన్నట్టుండి నిద్ర ముంచుకొచ్చిందంటే ఒక కన్ను అక్కడ వేసి ఉంచుతుంది. కిటికీలోంచి బయటికి మరీ శ్రద్ధగా చూసేవాడి దగ్గరికి మొదట వెళ్తుంది. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే భుజాలు తడుముకునేవాళ్లు బస్సుకు ఒక్కరైనా ఉంటారని ఆమె అనుభవం. నిజంగా టికెట్ పారేసుకున్నవాడు కంగారులో ఒకే జేబు మళ్లీ మళ్లీ వెతుక్కుంటాడట, అసలు కొననివాడు తీరిగ్గా అన్ని జేబులూ వెతుకుతాడట. ఆమె దగ్గర ఎవరి పప్పులూ ఉడికేవి కావు.

అలాంటి డేగకు ఇంట్లో అమ్మమ్మ మీద అనుమానం పుట్టింది.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొస్తే అమ్మమ్మ టీ ఇచ్చింది. తాగి, కప్పు కడిగి బోర్లించి, మొహం కడుక్కుని వచ్చేసరికి అమ్మమ్మ ఇంకో కప్పు పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చావే, చెప్పుల చప్పుడు కూడా వినపడలేదు అంది. ఇప్పుడే కదా తాగాను అని మనవరాలు అంటే, అమ్మమ్మ ఒక్క క్షణం ఆగి, కళ్లజోడు పైకి తోసుకుని, చిన్నగా నవ్వింది.

"పట్టుకున్నావా? శభాష్."

ఇంకెవరి ఇంట్లోనైనా దీన్ని మతిమరుపు అంటారు. పెద్దావిడ కదా, ఒకసారి డాక్టరుకు చూపిద్దాం అనుకుని పడుకుంటారు. ఈ ఇంట్లో అలా తేల్చెయ్యడానికి వీల్లేదు. ఎందుకు వీల్లేదో తెలియాలంటే ముందు అమ్మమ్మ ఎలాంటి మనిషో తెలియాలి.

అమ్మమ్మ తండ్రి సైకిళ్లు బాగుచేసేవాడు. బాగుచేసిన సైకిల్‌ను ముందు తను తొక్కి చూడనిదే ఎవరికీ అప్పజెప్పేవాడు కాదు. బెల్లు మోగిందని మురిసిపోకు, బ్రేకు పడుతుందో లేదో చూడు, అని కూతురికి చెబుతుండేవాడు. అనుమానం ఆ ఇంట్లో ఆస్తిలాగా సంక్రమించింది. ఆ అమ్మాయి చదువుకుని, చిన్నపిల్లల బడిలో టీచరైంది. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఆయన్ని పెళ్లి చేసుకుంది. ఇద్దరు కూతుళ్లు. ఇంతవరకు చెప్పుకోవడానికేమీ లేదు. ఊరికి పదిమంది ఉంటారు ఇలాంటి టీచర్లు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆమె ఒకసారి నల్లబల్ల మీద ఊరి పటం వేసింది. ఒకపక్క కొండలు, ఇంకోపక్క సముద్రం, మధ్యలో ఊరు, ఊరి పక్కన ఏరు. రంగు సుద్దలతో ముచ్చటగా వేసి, ఏరు ఎటు పారుతుందో బాణం గుర్తు పెట్టింది. ఆ గుర్తు పరధ్యానంలో అటుది ఇటు పడింది. ఏరు సముద్రంలోంచి పుట్టి కొండెక్కుతోందన్నమాట. క్లాసంతా బుద్ధిగా పుస్తకాల్లోకి ఎక్కించుకుంది. సాయంత్రం బల్ల తుడుస్తున్నప్పుడు గానీ ఆమెకు తెలియలేదు. పొరపాటుకు కాదు, పిల్లల్లో ఒక్కరూ నోరెత్తనందుకు ఆమె గుండె ఝల్లుమంది. మర్నాడు అడిగింది. పడవ నడిపేవాడి కూతురు లేచి నిలబడింది. ఆ పిల్ల ఇల్లు ఏటి ఒడ్డునే, రోజూ అందులోనే కాళ్లు కడుక్కుని బడికొస్తుంది.

"మీరు గీశారు కదా టీచర్. మా ఏరే తప్పుగా పారుతోందేమో అనుకున్నాను."

ఆ రోజు ఇంటికెళ్లి ఆమె అన్నం ముట్టలేదు. రేపు నేను విషం చూపించి పాలు అంటే గడగడా తాగేస్తారు ఈ పిల్లలు అని భర్త దగ్గర వాపోయింది. ఆయన సరదా మనిషి. అయితే రోజుకో తప్పు నువ్వే కావాలని చెప్పు, పట్టుకోవడం వాళ్లే నేర్చుకుంటారు అన్నాడు. ఆయన నవ్వుతాలుకి అన్న మాటను ఆమె ఉద్యోగమంతా చేసుకుంది.

మర్నాటి నుంచి క్లాసులో రోజుకొక తప్పు ఉండేది. ఎక్కడ ఉంటుందో తెలియదు. లెక్కలో ఉండొచ్చు, పటంలో ఉండొచ్చు, సాలీడుకు ఎన్ని కాళ్లనే దగ్గర ఉండొచ్చు. చెప్పేటప్పుడు మొహంలో వెంట్రుకవాసి తేడా రానిచ్చేది కాదు. పట్టుకున్నవాళ్లకు శభాష్. ఎవరూ పట్టుకోకపోతే ఇంటిగంట కొట్టేలోపు తనే చెప్పేసేది, తప్పును నెత్తిన పెట్టుకుని ఏ పిల్లా ఇంటికి పోకూడదు. రోజుకు ఒకటే, రెండోది ఉండకూడదు. నిప్పు, కరెంటు, మందులు, రోడ్డు, వీటి జోలికి పోకూడదు. ఈ రూళ్లు ఆమె పెట్టుకున్నవే, ఆమే పాటించేది.

తల్లిదండ్రులు ఊరుకుంటారా? ఒకాయన హెడ్మాస్టరు గదిలో కూర్చుని గోల పెట్టాడు. మావాడు ఇంట్లో నా మాట కూడా నమ్మడం లేదండీ, ప్రతిదానికీ నిజమా అని అడుగుతున్నాడు, అని. ఆమెను పిలిపించారు. కొన్నాళ్లు నిజం చెప్పి చూడండి, నమ్ముతాడు అందామె. ఊరు ఆమెను తప్పుల టీచరు అంది. ఆ తప్పుల మీదే ఊళ్లో సగం మంది పెరిగారు. వాళ్లంతా అదొక తెగ. వాళ్లల్లో మందులషాపు నడిపేవాడు డాక్టరు రాసిందాన్ని కూడా ఎగాదిగా చూసిగానీ మందు తియ్యడు. తాపీమేస్త్రి కొలిచిన గోడనే మళ్లీ కొలుస్తాడు. పోస్ట్‌మాన్ అయిన శిష్యుడైతే ఒకసారి టీచరుగారు రాసిన కార్డునే వెనక్కి తెచ్చిచ్చాడు, అడ్రసులో వీధి తప్పుంది టీచర్, ఈరోజుది ఇదేనా అంటూ. అది నిజంగా పొరపాటేనని ఒప్పుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. శభాష్ అని పంపించేసింది.

ఆట ఇంట్లోకి కూడా వచ్చింది. ముందు కూతుళ్లతో, తర్వాత పెద్దకూతురి కూతురితో. ఆ పిల్లే ఇప్పటి డేగ. పిల్ల తల్లి ఆస్పత్రిలో నర్సు. తండ్రి మొదట్లోనే ఇంకో ఇల్లు చూసుకుని వెళ్లిపోయాడు, అతని మాట ఆ ఇంట్లో ఎత్తేవాళ్లు కారు. తల్లి డ్యూటీకెళితే పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉండి, అమ్మమ్మ చెప్పే తప్పుల్ని పట్టుకుంటూ పెరిగింది. ఒక ఏడు ఊళ్లో జ్వరాలొచ్చాయి. వార్డులో రోగుల జ్వరం నర్సుకు అంటుకుంది. వారం తిరక్కుండా పోయింది. అమ్మమ్మ ఆస్పత్రి నుంచి నడిచొచ్చి, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, అమ్మ చచ్చిపోయిందమ్మా అని చెప్పింది.

పిల్ల చప్పట్లు కొట్టింది.

"పట్టుకున్నాను. ఈరోజు తప్పు ఇదే."

అమ్మమ్మ ఆ తర్వాత చాలా రోజులు బడికి వెళ్లలేదు. మళ్లీ వెళ్లినప్పుడు రూళ్లలోకి ఇంకొకటి చేరింది. పోయినవాళ్ల గురించి ఎప్పుడూ తప్పు చెప్పకూడదు.

ఇదీ అమ్మమ్మ. ఇప్పుడు రిటైరై, భర్త కూడా పోయాక, వరండాలో నల్లబల్ల పెట్టుకుని సాయంత్రాలు వీధి పిల్లలకు చదువు చెబుతోంది. రోజుకో తప్పు మామూలే. ఇంట్లో మనవరాలికీ రోజుకొకటి మామూలే, అదీ ఎక్కడ పడుతుందో తెలియదు. కాబట్టి రెండో కప్పు టీ ఆటా, మతిమరుపా? తెలుసుకునే దారేది?

డేగకు అది అంత తేలిగ్గా వదిలెయ్యగల ప్రశ్న కాదు. పిన్ని ఉందిగా. అమ్మమ్మ చిన్నకూతురు, ఊరికి ఆ చివర మూడో అంతస్తులో ఉంటుంది. అమ్మకు వయసైపోతోంది, ఏ కాస్త తేడా కనిపించినా నేను తీసుకెళ్లిపోతాను, ఆ వరండా బడి కట్టిపెట్టాల్సిందే, అని ముందునుంచీ చెబుతూనే ఉంది. పిన్ని చెడ్డది కాదు, భయస్థురాలు. కానీ ఆ మూడో అంతస్తులో, పిల్లల అరుపులు వినపడని గదిలో అమ్మమ్మ ఎన్నాళ్లు బతుకుతుంది? ఆట చూసి జబ్బనుకుని పిన్నికి చెబితే అమ్మమ్మ బతుకును చేతులారా ఆర్పినట్టే. జబ్బును ఆటనుకుని ఊరుకుంటే ఏదో ఒకరోజు కొంప మునుగుతుంది. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. డేగకు ఇంట్లో కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, పడుకుంటే నిద్ర రాలేదు.

తనకు చేతనైన పని మొదలుపెట్టింది. అమ్మమ్మను తనిఖీ చెయ్యసాగింది. నిన్న కూరగాయలు ఎవరు తెచ్చారు, మొన్న పిన్ని ఫోనులో ఏమంది అంటూ మాటల మధ్యలో ప్రశ్నలు జారవిడిచేది. గొడుగు తీసి ఇంకో చోట పెట్టి, అమ్మమ్మ ఎక్కడ వెతుకుతుందా అని పేపరు అడ్డం పెట్టుకుని చూసేది. బస్సులో దొంగమొహాలను చదివిన కళ్లతో ఆ మొహాన్ని చదవబోయింది. అక్కడే బోల్తా పడింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. జీవితమంతా తప్పు చెబుతూ మొహం చెదరనివ్వని మనిషి అమ్మమ్మ. టికెట్ ఉన్న మనిషిలాగే నిశ్చింతగా కూర్చుంది.

పైగా అమ్మమ్మ తక్కువదా? రెండు రోజుల్లో పసిగట్టింది. మనవరాలు గదిలోకొస్తే మాట ఆపేసేది. గొడుగు కనపడకపోతే వెతకడం మానేసి, వాన రాదులే అని కూర్చునేది. ఎప్పుడూ లేనిది, నువ్వీమధ్య ఇంటికి తొందరగా వస్తున్నావేం, డిపోలో ఏమైనా గొడవా, అని ఎదురు ఆరా తీసింది. ఒకరినొకరు ప్రాణంగా చూసుకునే ఇద్దరు ఆడవాళ్లు ఒకే ఇంట్లో పిల్లీ ఎలుకల్లాగా తిరిగారు. అందులో పిల్లెవరో ఎలుకెవరో వాళ్లకే తెలియదు.

ఆ రోజు డేగ తలుపు తియ్యగానే గ్యాసు వాసన గుప్పుమంది. పరుగెత్తి వంటగదిలోకి వెళ్లి పొయ్యి కట్టేసి, కిటికీలన్నీ తీసింది. పొయ్యి మీద పాలగిన్నె ఉంది, కింద మంట లేదు, గ్యాసు మాత్రం బుస్సుమని వస్తోంది. అమ్మమ్మ ముందుగదిలో కుర్చీలో కూర్చుని కిటికీ వైపు చూస్తోంది. మనవరాలి మొహం చూసింది, వంటగది వైపు చూసింది. మళ్లీ అదే నవ్వు నవ్వింది, పట్టుకున్నావా, శభాష్ అంది.

అమ్మమ్మ దేని మీదైనా తప్పు పెడుతుంది గానీ నిప్పు మీద పెట్టదు. ప్రాణం పోయినా పెట్టదు. కాబట్టి తప్పు కావాలని చేసింది కాదు. కావాలని చేసిందల్లా ఆ శభాష్ ఒక్కటే. చిన్నప్పటి నుంచి ఆ మాట కోసం పడిచచ్చిన మనిషికి మొదటిసారి ఆ మాట అబద్ధంగా వినపడింది.

అయినా రుజువు కావాలి. డేగ కదా. మర్నాడు డ్యూటీ మార్పించుకుని, పిల్లలొచ్చే వేళకు సందులో గోడ వారగా నిలబడింది. వరండాలో క్లాసు నడుస్తోంది. అమ్మమ్మ ఒక పిల్లను ఇంకో పిల్ల పేరుతో పిలిచింది. తప్పు టీచర్, అని అరిచారు పిల్లలు. శభాష్ అంది. ఇందాక చెప్పిన లెక్కనే మళ్లీ మొదలుపెట్టింది. అది అయిపోయింది టీచర్ అన్నారు. శభాష్. క్లాసు సగంలో ఉండగా ఇక ఇళ్లకు పొండి అంది. ఇంకా టైం కాలేదు టీచర్. శభాష్. గోడ వెనక మనిషి లెక్కపెట్టడం మానేసింది. పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదన్నది ఆమె కనిపెట్టిన ఇంకో సంగతి.

క్లాసయ్యాక ముందుపళ్లు ఊడిన ఒక పిల్లను సందు మలుపులో ఆపింది. టీచరుగారి మనవరాలినని చెప్పుకుంది. ఆ పిల్ల ఆమెను కింది నుంచి పై దాకా చూసింది. మనవరాలేనని ఏంటి నమ్మకం అంది. డేగ డిపో గుర్తింపు కార్డు తీసి చూపించాల్సి వచ్చింది. పిల్ల ఫోటోనూ మొహాన్నీ మార్చి మార్చి చూసి, ఇందులో జుట్టు వేరేగా ఉంది అంది. ఊళ్లోవాళ్లను రోజూ ఆపి అడిగే మనిషి ఒక పళ్లు లేని పిల్ల ముందు సంజాయిషీ ఇచ్చుకుంటూ నిలబడింది. చివరికి ఎలాగో నమ్మి చెప్పింది. ఇప్పుడు రోజుకొకటి కాదట, ఎన్నయినా ఉంటాయట. క్లాసు బయట కూడా ఉంటాయట. టీచర్ సందు చివర నిలబడి ఇల్లెటు అని అడిగితే అదీ ఆటేనట. వేరే దారిలో వెళ్తుంటే చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చినవాళ్లకు రెండు శభాష్‌లు.

ఇంతా చెప్పి పిల్ల వెళ్లబోయి మళ్లీ వెనక్కొచ్చింది.

"నిజంగానే మర్చిపోతున్నారని నాకు అనుమానం. ఎవరికీ చెప్పలేదు. చెబితే క్లాసు తీసేస్తారు కదా, మీరు కూడా చెప్పకండి."

డేగకు కోపం ముంచుకొచ్చింది. జబ్బు వచ్చినందుకు కాదు. వీధిలో పిల్లలందరికీ అప్పజెప్పిన రహస్యాన్ని తనకు మాత్రం అప్పజెప్పనందుకు. ఆ కోపంతోనే ఇంట్లోకెళ్లి, అమ్మమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. కుండ బద్దలు కొట్టినట్టు అడిగేసింది.

"గ్యాసు నువ్వు కావాలని వదల్లేదు అమ్మమ్మా."

అమ్మమ్మ కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. తుడిచిన అద్దాలే మళ్లీ తుడిచింది. తర్వాత దాచలేదు. తను ఎప్పుడో ఒంటరిగా డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చానని చెప్పింది. ఆయన కూడా తన శిష్యుడేనట. మొహమాటపడకుండా చెప్పు అంటే, ఇది తగ్గేది కాదు టీచర్, పెరిగేదే అన్నాడట. ఇంటికి నడిచొస్తుంటే దారిలోనే ఉపాయం తట్టిందట. ఊళ్లో పిల్లలకు ఇన్నేళ్లూ తప్పులు పట్టడం నేర్పింది, వాళ్లుండగా తనకేం భయమనుకుందట. గ్యాసు సంగతి దగ్గరికొచ్చింది. అప్పుడు నాకు చాలా భయమేసిందే, ఏం చెప్పాలో తెలియక ఆ మాట అనేశాను అంది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు జాలిపడతావు. జాలిపడ్డవాళ్లు అన్నిటికీ తలూపుతారు. తలూపేవాళ్లను చూస్తే నాకు మొదటి నుంచీ భయం."

డేగకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. అమ్మమ్మ ఆమె తల నిమిరి, ఒక్క మాట ఇవ్వమంది. తను ఏం మాట్లాడినా, బాధపడుతుందేమో అని అవును అనకూడదు. తప్పయితే తప్పని చెప్పాలి.

"నా బుర్రను నేను నమ్మలేను ఇక. నమ్మడానికి ఒక్క మనిషన్నా మిగలాలి కదే."

మనవరాలు మాట ఇచ్చింది. ఆ క్షణంలో అది తేలికైన మాటలాగే అనిపించింది.

పిన్నికి చెప్పక తప్పలేదు. పిన్ని వచ్చి ముందు ఏడ్చింది, తర్వాత ఇన్నాళ్లు దాచినందుకు ఇద్దర్నీ తిట్టింది, ఆ తర్వాత తను తెచ్చిన పళ్లు కోసి పెట్టింది. మూడో అంతస్తు మాట ఎత్తింది గానీ, సాయంత్రం పిల్లలు సందు చివరి నుంచి అమ్మమ్మకు దారి చూపించి తీసుకురావడం కళ్లారా చూసి ఆ మాట మింగేసింది. గ్యాసు పొయ్యి ఇంట్లోంచి తీసేసి, దానంతటదే ఆగిపోయే కరెంటు పొయ్యి పెట్టారు. పగలు పిన్ని వచ్చి కూర్చునేది, పొద్దు వాలేసరికి డేగ వచ్చేది. వరండా బడి నడిచింది. రానురాను చదువు తగ్గిపోయి శభాష్‌లే మిగిలాయి. అయినా పిల్లలు రావడం మానలేదు.

వానాకాలంలో ఒక సాయంత్రం అమ్మమ్మ గుమ్మం దగ్గరికి నాలుగైదుసార్లు వెళ్లి వీధిలోకి చూసొచ్చింది. మనవరాలు తడిసిన యూనిఫాం ఆరేస్తోంది. అమ్మమ్మ వచ్చి, మీ అమ్మకు డ్యూటీ ఇంకా అవ్వలేదా, గొడుగు కూడా తీసుకెళ్లలేదు అంది.

డేగ చేతిలో బట్ట ఆగిపోయింది. పోయినవాళ్ల మీద అమ్మమ్మ తప్పు పెట్టదు. అంటే ఇది నిజంగా మరిచిపోవడం. కన్నకూతురు పోయిందనే సంగతే ఆమెలో లేకుండా పోయింది. ఆ మొహంలో ఉన్నది మామూలు బెంగ, వానలో తడుస్తుందేమోనని. ఆ మొహం చూస్తూ చచ్చిపోయిందని ఎలా చెబుతారు? ఏ మనిషి నోటికి వస్తుంది ఆ మాట?

"వచ్చేస్తుందిలే అమ్మమ్మా. వాన తగ్గనీ."

అమ్మమ్మ తలూపి వెళ్లి కుర్చీలో కూర్చుంది. ఇంతే కదా, ఇంత తేలిక కదా అనుకుని డేగ మిగిలిన బట్టలు ఆరేసుకుంది. టీ పెట్టి తీసుకెళ్లింది. అమ్మమ్మ కప్పు అందుకోలేదు. మనవరాలి మొహంలోకి చూస్తోంది. ఆ చూపు డేగకు బాగా తెలుసు, బస్సులో తనే రోజూ చూసే చూపు.

"మీ అమ్మ పోయింది కదూ. జ్వరమొచ్చి."

డేగ కప్పు కింద పెట్టింది.

"నేను కావాలని అడిగానో, మరిచిపోయి అడిగానో నాకే తెలీదు. నీకు తెలుసు. తెలిసీ వస్తుందన్నావు." అమ్మమ్మ గొంతులో కోపం లేదు, అదే భరించడం కష్టమైంది. "ఇప్పుడు నేనెవర్ని నమ్మాలమ్మా?"

ఆ రాత్రి అమ్మమ్మ ప్రతిదానికీ భయపడింది. ఇచ్చిన మాత్ర ఏ మాత్రో అని అనుమానపడి మింగలేదు. తలుపు గడియ వేశామంటే నమ్మలేదు, లేచి తడిమి చూసుకుంది. ఈ ఇల్లు మనదేనా అని అడిగి, మనదే అని చెబితే మనవరాలి మొహం వెతికింది. నమ్మకమనేది ఒక్క అబద్ధానికి ఇంతలా కూలుతుందని డేగకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ఆమె మళ్లీ అబద్ధం చెప్పలేదు. అమ్మమ్మ ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, అమ్మ చనిపోయింది అమ్మమ్మా అని చెప్పింది. ప్రతిసారీ అమ్మమ్మ ఆ మాట కొత్తగా విన్నట్టే విని ఏడ్చేది. పిన్ని చూడలేకపోయింది. నువ్వు మనిషివా రాయివా, పెద్దావిడను రోజూ అలా ఏడిపిస్తావా, వస్తుందంటే నీ సొమ్మేం పోయింది అని నిలదీసింది. తను చేస్తున్నది సరైనదేనన్న ధైర్యం డేగకూ లేదు. పనిలో ఉండగా గుర్తొచ్చి, టికెట్ చేతిలో పట్టుకుని చూడకుండానే తిరిగిచ్చేసిన రోజులున్నాయి. ఏడుపు అయిపోయాక అమ్మమ్మ ఆమె భుజం మీద తలపెట్టుకుని నిద్రపోయేది, ఇచ్చిన మాత్ర మింగేది. అంతే చూసుకుంది.

కొన్నాళ్లకు అమ్మమ్మ ఆ ప్రశ్న అడగడం మానేసింది. ఆ తర్వాత ఒక్కొక్కరే ఆమె జ్ఞాపకంలోంచి వెళ్లిపోయారు. ముందు భర్త, తర్వాత పిల్లలు, పడవవాడి కూతురు, హెడ్మాస్టరు. పిన్ని వస్తే ఎవరో ఆఫీసు నుంచి వచ్చారనుకుని, ఏ పని మీద వచ్చారని అడిగేది. అన్నం పెట్టబోతే ముందు నువ్వు తిను అనేది. పక్క దులపబోతే చెయ్యి పట్టుకునేది. అందరూ పోయాక ఆమె దగ్గర అనుమానం ఒక్కటే మిగిలింది.

ఒకరోజు పొద్దున్నే డేగ మంచం పక్కన కూర్చుని అమ్మమ్మ జుట్టు దువ్వుతోంది. అమ్మమ్మ తల తిప్పి, తనను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"నువ్వెవరమ్మా?"

ఈ రోజు వస్తుందని డేగకు ఎప్పటినుంచో తెలుసు. దువ్వెన పక్కన పెట్టింది.

"నీ మనవరాలిని అమ్మమ్మా. నీ పెద్దకూతురి కూతురిని."

అమ్మమ్మ ఆ మొహాన్ని చాలాసేపు చూసింది. కళ్లు చూసింది, నుదురు చూసింది, చేతులు తిప్పి చూసింది. ఎక్కడా ఏ ఆనవాలూ దొరికినట్టు లేదు.

"నాకు మనవరాలున్నట్టు గుర్తులేదమ్మా," అంది చివరికి. తల మళ్లీ అటు తిప్పి, జుట్టు ఆమె చేతికి వదిలేసింది. "కానీ నువ్వు చెప్పావంటే నిజమే అయ్యుంటుంది."